బోర్డున్న చామ

పద్మా, ఆ ఫోను అవతల పెట్టి ఇటు జరుగు. ఇంకా దగ్గరికి. మీ సురేష్ మామ పక్కగదిలోనే ఉన్నాడు, నా గొంతు వాడి చెవిన పడితే మధ్యలో వచ్చి కూర్చుని కథంతా తన వైపు తిప్పుకుంటాడు. ఇప్పటికే ఇద్దరు ముగ్గురికి వేరేగా చెప్పాడు. ఆ ఆదివారం నీకు పరీక్ష ఉందని సైనిక్‌పురిలోనే ఉండిపోయావు గనుక, జరిగింది జరిగినట్టు నీకు నేనే చెప్పాలి.

మన నాచారం ఇంట్లో మన్ను ఎక్కడుందో నీకు తెలుసు. ముందు సిమెంటు, వెనక సిమెంటు, మేడ మీద సిమెంటు. స్నానాల గది నీళ్లు బయటికి వచ్చే తూము దగ్గర, ప్రహరీ గోడను ఆనుకుని, మంచం పట్టేంత నేల మిగిలింది. అందులో చామ ఉంది. మీ తాత పోశయ్య బతికుండగా నేను పెట్టిన చామ అది. తాత పనిచేసే కంపెనీకి ఒకసారి తాళం పడింది. నేడో రేపో తీస్తారు అనుకుంటూ ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలలూ ఆకు పప్పులో వేశాను, కాడలు పులుసు పెట్టాను, గడ్డలు ఉడికించి వేయించాను. మీ అమ్మా, మీ మామా దాని మీదే పెరిగారు. మీ మామ అప్పుడు రెండో తరగతి. "మల్ల చామనేనా" అని కంచం తోసేసేవాడు. నేను మళ్లీ దగ్గరికి జరిపేదాన్ని. తోసేవాడు, జరిపేదాన్ని. చివరికి తినేవాడు. ఆకలికి రోషం ఎంతసేపుంటుంది.

ఇప్పుడు వాడికి కారుంది. గల్లీలో పెడితే ఎవరో గీత గీశారట. ఆ గీతను వారం రోజులు చేత్తో నిమిరాడు. నాకు మోకాలు నొప్పి వచ్చి ఆరు నెలలైంది, ఒక్కసారి కూడా అట్లా నిమరలేదు. సరే, అది వేరే సంగతి. గురువారం పొద్దున వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అమ్మా, సోమవారం దయాకర్ మేస్త్రీ వస్తుండు. ఆ గడ్డి పీకేసి పార్కింగ్ టైల్స్ ఏపిస్తున్న. కారు లోపలికి రావాలె."

"గడ్డి కాదురా. చామ."

"చామైతేంది. మార్కెట్ల దొరుకుతలేదా? దోమలకు అడ్డా అయింది అది."

"నువ్వు పెరిగిందే దాని మీద."

"అందుకే నాకు దాన్ని చూస్తే కడుపుల దేవుతది," అని వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. అది చూసి కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ఏదో మంచి ఆలోచన వచ్చినట్టు మొహం పెట్టాడు. "ఆదివారం నిన్ను పెద్ద తోటకు తీస్కపోత. అద్దాల మేడల అడివి పెట్టిన్రంట. ఇంట్లనే వాన పడుతదంట. రెయిన్‌ఫారెస్ట్."

మేకను కోసే ముందు దాని మీద నీళ్లు చల్లుతారు చూడు. అది తల విదిలిస్తే ఒప్పుకుందని అర్థం, ఇక కత్తి తీయొచ్చు. సోమవారం నా మొక్కను పీకడానికి ఆదివారం నన్ను మొక్కలు చూపించడానికి తీసుకుపోతున్నాడంటే నాకు ఆ మేకే గుర్తొచ్చింది. పోయి చూద్దామనే అనుకున్నాను. తల విదిలించకుంటే సరి.

మీ గౌతమి అత్తకు ఆ రోజు ఆఫీసు. కారులో మీ మామ, వాడి కూతురు హరిచందన, అదే మన చందూ, నేను. ఉప్పల్ మెట్రో కింద మా వియ్యపురాలు, గౌతమి వాళ్లమ్మ సత్యవేణి ఎక్కింది. రామంతాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటుంది కదా, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని పట్టుచీరలో వచ్చింది. చెట్లకు చూపించడానికి పట్టుచీర ఎందుకో నాకు తెలియదు. నాకు కారు పడదు, అందుకని చింతపండు ఉండ ఒకటి కొంగున కట్టుకుని, అప్పుడప్పుడూ ఇంత చప్పరిస్తూ కూర్చున్నాను.

సత్యవేణి మంచిదే. కానీ పన్నెండేళ్లుగా నాకూ ఆమెకూ ఒక్క మాట దగ్గర కుదరదు. నేను చామగడ్డ అంటాను.

"చేమదుంప అనాలండీ వదినగారూ. గడ్డ అంటే కాలి మీద లేచిన సెగగడ్డ గుర్తొస్తుంది," అంటుంది.

"దుంప అంటే నాకు 'నీ దుంప తెగ' అనే తిట్టు యాదికొస్తది వదినా. ఆ తిట్టు గూడ మీ దిక్కుదే," అంటాను.

ఆ రోజు కారులో కూడా ఒక విడత అయింది. మీ మామ పాటలు పెద్దగా పెట్టాడు.

వరంగల్ రోడ్డు మీద బోడుప్పల్ దాటే దాకా పిల్లర్లు, దుమ్ము. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఈ రోడ్డుకు రెండు వైపులా చింతచెట్లు, వేపచెట్లు. బస్సు ఆలస్యమైతే కింద కూర్చుని కునుకు తీసేవాళ్లం. వాటిని కొట్టేసినప్పుడు ఎవరూ ఏడవలేదు, నేను కూడా ఏడవలేదు, బస్సు తొందరగా వస్తుందన్నారు. ఇప్పుడు ఆ దారి పొడుగునా ఎండలో పోయి, చివర టికెట్ కొని, అద్దాల లోపల చెట్టు చూడాలి. చదువుకున్నవాళ్ల తెలివి చదువుకున్నంత దూరం పోతుంది.

తోట పెద్దదే. కాదనను. గేటు దగ్గర పులిహోర డబ్బా లోపలికి తేవద్దని తీసి పక్కన పెట్టించారు. పచ్చగడ్డి మీద 'నడవరాదు' అని బోర్డు. చెట్టు మొదట్లో 'కూర్చోరాదు' అని బోర్డు. పూల దగ్గర 'కోయరాదు'. నాకు అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి, ఆ రోజు నా చదువంతా 'రాదు' దగ్గరే అయిపోయింది.

మధ్యలో అద్దాల మేడ. లోపలికి అడుగుపెట్టగానే కుక్కర్ మూత తీసి మొహం పెట్టినట్టు ఆవిరి. మీ మామ కళ్లజోడు మసకబారింది. తుడుచుకుంటూనే "వా, సూపర్" అన్నాడు. ఏం కనబడి అన్నాడో. కప్పలు బెకబెకమంటున్నాయి. ఎక్కడా అని చందూ వెతికితే, రాయి వెనక నల్ల డబ్బా ఒకటి దొరికింది, అందులోంచి వస్తోంది ఆ కూత. పావుగంటకోసారి డబ్బాలోనే ఉరుము ఉరుముతుంది, పైన పైపుల్లోంచి సన్నగా వాన పడుతుంది. జనం మొహాలు ఎత్తి ఫోటోలు తీసుకుంటారు. పోయిన వానాకాలం మన వంటింటి మూల రెండు చుక్కలు కారితే ఇల్లు అమ్మేద్దామన్నాడు మీ మామ. ఇక్కడ టికెట్ ఇచ్చి కారించుకుంటున్నాడు.

ముందు ఒక కుర్రవాడు నడుస్తున్నాడు. కళ్యాణ్ అని చొక్కా మీద పేరుంది, చెంప దగ్గర మైకుంది. "ఇక్కడ ఉన్నవన్నీ ట్రాపికల్ రీజియన్స్ నుంచి సేకరించిన మొక్కలండీ. దయచేసి ఏదీ టచ్ చేయొద్దు," అంటున్నాడు. వెనకే మేమంతా, గొర్రెల మాదిరిగా.

ఒక మూల సిమెంటుతో చేసిన జలపాతం ఉంది. దాని పక్కన ఎర్ర తాడు కట్టి, చుట్టూ గుండ్రటి రాళ్లు పేర్చి, పైనుంచి దీపం వేసి, ఆ దీపం కింద నాలుగు మొక్కలు. నేనూ సత్యవేణీ ఒక్కసారే ఆగాము.

"వదినగారూ, ఇది చేమ కాదూ?"

"చామ."

"అదేనండీ, చేమ."

"చామనే గదా వదినా నేనంటున్న."

వంగి ఒక ఆకు అంచు పట్టి తిప్పి చూశాను. వెనక అదే నరం, అదే లేత తెలుపు. నాకు మా తూము దగ్గర ఉన్నట్టే ఉంది. కళ్యాణ్ పరుగున వచ్చాడు.

"అమ్మా, టచ్ చేయొద్దన్నాను కదా."

"బిడ్డా, ఇది చామ."

"కాదమ్మా. కొలొకేషియా ఎస్కులెంటా. బోర్డు చూడండి. రెయిన్‌ఫారెస్ట్ స్పీషీస్."

"దీని కింద గడ్డ ఉంటదా?"

"ట్యూబర్ ఉంటుంది."

"సరిగ ఉడకకుంటే నాలుక దురద వెడ్తదా?"

"కుకింగ్ గురించి మా దగ్గర ఇన్ఫర్మేషన్ లేదమ్మా."

వెనక నలుగురు నవ్వారు. ఆ నవ్వు కళ్యాణ్ మీద కాదు, నా మీద. మీ మామ మొహం మాడిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాడు. "అమ్మా, జర ఊకో. ఇజ్జత్ తీయకు." నలుగురిలో పోయిన పరువు నలుగురిలోనే తెచ్చుకోవాలనుకున్నాడేమో, కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని, అందరికీ వినబడేలా మొదలుపెట్టాడు.

"చూడు చందూ. ఈ మొక్క మస్తు రేర్. ఇసొంటివి ఉన్నకాడ మనం కాపాడుకోవాలె. ఒక్కసారి పోతే మల్ల రావు. చెయ్యి పెట్టొద్దు, ఎవ్వర్నీ పెట్టనియ్యొద్దు. ప్రామిస్?"

"ప్రామిస్," అంది చందూ. ఆకు వైపు చూసింది, నా వైపు చూసింది. బడికి పోయే ముందు రోజూ మా చామాకు మీద నీటిబొట్టు వేసి అటూ ఇటూ దొర్లించే పిల్ల, దానికి ఆ ఆకు తెలియదా. "డాడీ, ఇది మన..."

"ఆగు, ఫోటో తీస్తున్న. అటు చూడు."

సరిగ్గా అప్పుడే డబ్బాలో ఉరిమింది, పైపుల్లోంచి వాన పడింది. నా నెత్తి మీద, మెడ మీద, వీపు మీద. అందరూ తలలు విదిలించుకుంటున్నారు. నేను కదలలేదు. ముక్కు మీది నీళ్లు కారి నోట్లోకి వచ్చినా కదలలేదు. ఏమనుకున్నాడో, "అమ్మకు మంచిగనిపిస్తున్నట్టుంది," అన్నాడు మీ మామ సత్యవేణితో.

మధ్యాహ్నం గేటు బయట కానుగ చెట్టు కింద కూర్చుని పులిహోర విప్పాము. మీ మామ, చందూ లోపల బొమ్మలు, కుండీలు అమ్మే దుకాణంలో ఉన్నారు. తోటలో పనిచేసే ఆమె ఒకతె టిఫిన్ డబ్బాతో వచ్చి కాస్త దూరంగా కూర్చుంది. ఆమెను రాణి అనుకో. అసలు పేరు చెప్పను, ఎందుకో నీకే తెలుస్తుంది. చేతులకు మోచేతి దాకా రబ్బరు తొడుగులు. అవి విప్పి మణికట్లు బరబరా గోక్కుంటోంది.

"ఏమైందే బిడ్డా?"

"దురద పెద్దమ్మా. పొద్దుగాల పాత ఆకులు తీసిన. ఫారిన్ మొక్క గదా, అలర్జీ అంటుండు మా సారు. గందుకే గీ గ్లౌజులు ఇచ్చిండు. ఇవి పాతవి, పొక్కలు పడ్డయి."

కొంగున మిగిలిన చింతపండు విప్పి ఆమె చేతిలో పెట్టాను. "దుకాణంల మందు గొనకు. ఇది జర తడిచేసి రుద్దు. చామ దురదకు ఇదే మందు."

ఆమె చింతపండు వైపు చూసి, నా వైపు చూసి, గేటు వైపు చూసింది. తర్వాత జరిగి మా పక్కకు వచ్చింది. సత్యవేణి ఒక ఆకులో పులిహోర పెట్టి ఇచ్చింది.

"నీకెట్ల దెలుసు పెద్దమ్మా, అది చామ అని?"

"అందరికి దెలుసు. మీ సారుకు తప్ప."

"సారుకు దెలిస్తే నా నౌకరి ఉండది," అంది రాణి, గొంతు తగ్గించి. "వాళ్లు ఏడికెల్లో తెచ్చిన గిసొంటి ఆకుల మొక్క ఉండె. పోయిన ఎండకాలం మోటరు ఖరాబై వాన పైపులు రెండు దినాలు బందైనయి. అది మాడిపోయింది. తెల్లారి పెద్దోళ్లు చూసెతందుకు వస్తున్నరు. ఏం జేయాల్నో సమజ్ గాలె. మా ఇంటెనుక మోరీ నీళ్లు పారేకాడున్న చామ తవ్వుకొచ్చి పెట్టిన. బోర్డు గట్లనే ఉండె."

"ఎవ్వలు గుర్తువట్టలేదా?"

"బోర్డు సదివెటోళ్లు మొక్కను సూడరు పెద్దమ్మా. ఫోటోలు గూడ తీసుకపోయిన్రు."

సత్యవేణికి పొలమారింది. నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, "మనం పన్నెండేళ్లుగా చామా చేమా అని కొట్టుకు చస్తున్నాం కదండీ, మూడోవాడొచ్చి పేరెట్టేసుకున్నాడు చూశారా," అంది. ఆ రోజంతటిలో నాకు నచ్చిన మాట అదొక్కటే.

మీ మామ దుకాణం నుంచి ఒక కుండీ పట్టుకుని వచ్చాడు. నాలుగు ఈకల్లాంటి ఆకులున్న మొక్క, చుట్టూ మెరుపు కాగితం. "ఇంట్ల గ్రీనరీ ఉండాలె గదమ్మా," అన్నాడు. టీవీ పక్కన పెట్టాడు. వారానికి చీపురు పుల్లలైంది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. మీ మామ పడుకున్నాడు. నేను చందూను పిలిచి మెట్ల మీద కూర్చోబెట్టుకున్నాను.

"బిడ్డా, అక్కడ బోర్డు మీద ఏం రాసుండెనో యాదుందా?"

"డాడీ ఫోన్ల ఫోటో ఉంది నానమ్మా."

"జర నాకు గూడ అసొంటిది రాసియ్యవా."

అది ఎందుకని అడగలేదు. నవ్వింది, అంతే. పరీక్షలకు తీసుకుపోయే అట్ట ఉంది కదా దానికి, దాని మీద తెల్లకాగితం అంటించి, పచ్చ స్కెచ్‌తో ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఆ పేరు రాసింది. కింద తెలుగులో 'అరుదైన మొక్క. తాకరాదు.' తోటవాళ్ల బోర్డు మీద ఆకు గుర్తు ఉందట, అదీ వేసింది. వానకు తడవకుండా పైన ప్లాస్టిక్ కవరు తొడిగింది. దాని బుర్ర దాని తండ్రిది కాదు పద్మా, మీ తాతది. సోమవారం పొద్దున మొదటి స్నానం నీళ్లు పారి నేల మెత్తబడ్డాక, ఇనుప చువ్వకు కట్టి పాతాను. ఎక్కడ పాతానో చివర చెబుతాను.

ఎనిమిదింటికి దయాకర్ మేస్త్రీ వచ్చాడు. ఇద్దరు కూలీలు, ఇసుక, సిమెంటు, టైల్స్. గడ్డపార భుజాన వేసుకుని నేరుగా తూము దగ్గరికి పోయాడు. నేను స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాను. పోయినవాడు ఆగాడు. ముందుకు వంగాడు. వెనక్కి వచ్చాడు.

"అమ్మా, ఇదేంది?"

"సదువుకో."

"ఇంగ్లీషుల ఉంది."

"కింద తెలుగుల గూడ ఉంది గదా."

పెదవులు కదుపుతూ చదివాడు. గడ్డపార భుజం మీంచి దించాడు. "చామ లెక్కనే కొడుతుంది గదమ్మా."

"బోర్డు మీద చామ అని ఉందా?"

"లేదు."

"మరి నన్నెందుకు అడుగుతవ్, సదువురాని దాన్ని."

నేను అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు, అది గుర్తుంచుకో. దయాకర్ గడ్డపార గోడకు ఆనించి, బీడీ తీసి, వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "మొన్న మా బామ్మర్ది ఒకరింట్ల చెట్టు కొడితే ఆఫీసరు వచ్చిండు. ఇంటాయనకు ఫైను, మావోనికి తిట్లు. కాయితం లేంది నేను ముట్టనమ్మా."

మీ మామ ఆ రోజు ఈ పని కోసమే సెలవు పెట్టాడు. భుజం మీద తువ్వాలు, నోట్లో బ్రష్షుతో బయటికి వచ్చాడు. "ఏంది దయాకరన్నా, ఇంక షురూ చేయలేదా?"

"పర్మిషన్ కాయితం ఉందా సార్?"

"దేనికి?"

"గీ కొలొకే... గీ మొక్కకు."

మీ మామ వచ్చి బోర్డు చూశాడు. ఆ పచ్చ అక్షరాలు, ఆ ఆకు గుర్తు. నోట్లో నురుగు అట్లాగే ఉంది. నా వైపు తిరిగాడు. "అమ్మా. ఏంది ఇది?"

"నాకు ఇంగ్లీషు వస్తదా."

నురుగు ఉమ్మేసి, "నీ అవ్వ, చామకు బోర్డా," అని తువ్వాలు నడుముకు బిగించాడు. కన్న అవ్వను పక్కన పెట్టుకునే అవ్వ మీద తిట్టు. గడ్డపార తనే తీసుకున్నాడు. మొదటి మొక్క మొదట్లో మొన ఆనించాడు. చాయ్ నా చేతిలోనే చల్లారిపోతోంది.  ఎనిమిది నెలల సంగతి వాడికి తెలుసు. తెలిసీ మొన ఆనించాడు.

"డాడీ."

బడి యూనిఫాంలో, ఒక కాలికి బూటు, ఒక కాలికి సాక్సుతో చందూ గడపలో నిలబడింది.

"ప్రామిస్ అన్నవ్ గదా."

"అది వేరే, ఇది వేరే నాన్నా."

"ఏం వేరే?"

మీ మామ నోరు తెరిచాడు. అక్కడ బోర్డుంది అందామంటే ఇక్కడా ఉంది. అది అరుదైనది అందామంటే ఇదీ అదేనని ఆ పిల్లకు తెలుసు. ఇది చామ అందామంటే, నిన్న అంతమంది ముందు చామ కాదని అమ్మ చెయ్యి లాగినవాడు తనే. 

"సార్, పొద్దెక్కుతుంది. సిమెంటు కలపాల్నా వద్దా?" అన్నాడు దయాకర్.

గడ్డపార కింద పెట్టాడు మీ మామ. "అది విడిచిపెట్టి ఏయి."

"ఎంత విడువాలె?"

వాడు నేల వైపు చూడకుండా, నా వైపు చూడకుండా, కారు వైపు చూస్తూ, "బోర్డు దాకా," అన్నాడు.

బోర్డు ఎక్కడ పాతానో ఇప్పుడు చెబుతున్నాను. చామ అయిపోయిన దగ్గర కాదు. దానికి ఇంకో మూరెడు ఇవతల, చీలికలు పోయి ఊడిపోతున్న పాత సిమెంటు పెచ్చు లేపేసి, అక్కడ పాతాను. ఆ మూరెడు నేల కొత్తగా వచ్చింది. అందులో ఇప్పుడు గంగవాయిల కూర మొలిచింది, పొయ్యేటప్పుడు మీ అమ్మకు ఒక కట్ట కోసిస్తాను.

కారు లోపలికి వచ్చింది. కాకపోతే ఒక పక్క అద్దం మడిచి, కొంచెం వంకరగా పెట్టాలి. టైల్స్ తక్కువపడ్డాయని, అందుకే గోడ పక్కన వదిలేశామని మీ మామ అడిగినవాళ్లకు చెబుతున్నాడు. మిగిలిన టైల్స్ మెట్ల కిందే ఉన్నాయి, పోయి చూసుకో.

ఆ మధ్యాహ్నం పులుసు పెట్టాను. చింతపండు ఎక్కువ వేసి, నాలుగు ఎండుమిరపకాయలు తుంచి. మీ మామ కంచం ముందు కూర్చున్నాడు.

"మల్ల చామనేనా?"

"కాదు. కొలొకేషియా."

కంచం తోయలేదు. రెండుసార్లు పెట్టించుకుని, తిని, చెయ్యి కడుక్కుని పోయాడు. ఇప్పటికీ ఆ బోర్డు తీయలేదు. తీయమని నేనూ అనలేదు. పాలవాడు, కొరియర్ వాడు దాని పక్కనుంచి ఒద్దికగా తప్పుకుని నడుస్తారు. అట్లా నడిచేవాళ్లకు చామ అని చెబితే ఇట్టే తొక్కేస్తారు.

పద్మా, ఇది మనసులో పెట్టుకో. మీ బడిలో చెప్పు, రేపు నీకు పిల్లలు పుడితే వాళ్లకూ కూర్చోబెట్టి చెప్పు. రాణి అసలు పేరు, ఆ తోట పేరు మాత్రం ఎవరడిగినా చెప్పకు, పాపం ఆమె నౌకరీ. ఇంగ్లీషు పేరు మరిచిపోయినా ఫరవాలేదు. చామ అనే చెప్పు. మీ సత్యవేణి అమ్మమ్మ పక్కనుంటే చేమ అని సరిదిద్దుతుంది, దిద్దనీ.